నాన్నగారిని తిరుమల పంపకండి

ఉత్తరం: "మా నాన్నగారికి 76 ఏళ్లు. లెక్కల మాస్టారుగా రిటైరై తెనాలిలో ఒక్కరే ఉంటున్నారు. ఆయనకు తోడు మల్లి, 14 ఏళ్ల లాబ్రడార్. తమ్ముడు డాలస్ వెళ్లేముందు తెచ్చాడు, పేరు అమ్మ పెట్టింది. 2021 మేలో అమ్మ కోవిడ్‌తో పోయింది (ఆ సంగతి నాన్నగారికి ఒక రోజు ఆగి చెప్పాం, తట్టుకున్నారు). అప్పటినుంచి ఆయన మల్లితో తప్ప ఎవరితోనూ సరిగా మాట్లాడరు. ఇప్పుడు దానికి కిడ్నీలు పోయాయి. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం) 9 ఉంది. వెనక కాళ్లు పడిపోయాయి. రాత్రిళ్లు నాన్నగారే లేచి, పొట్ట కింద తుండుగుడ్డ వేసి ఎత్తి పక్కకు తిప్పుతున్నారు. ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చడమే మంచిదని పశువుల డాక్టరు చెప్పారు. నాన్నగారికి బీపీ ఉంది, స్టెంటు వేశారు. అందుకని వచ్చేవారం మా పెదనాన్నగారి అబ్బాయితో ఆయన్ను తిరుమల పంపి, ఈలోగా పని పూర్తిచేసి, 'నిద్రలోనే పోయింది' అని చెబుదామనుకుంటున్నాం. తమ్ముడు కుక్కపిల్లను కూడా చూసిపెట్టాడు. మా అత్తయ్య మాత్రం కుక్కను చంపితే కాలభైరవుడి శాపం తగులుతుందంటున్నారు. మేం చేసేది పాపమా?"
— ఒక సోదరి, విజయవాడ

జవాబు:

పాపం కాదమ్మా. మీరు అడిగినదానికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. లాబ్రడార్లు మామూలుగా బతికేది పది పన్నెండేళ్లు. మల్లి పద్నాలుగేళ్లు బతికిందంటే మీ ఇంట్లో దానికి ఏ లోటూ జరగలేదన్నమాట. కుక్కలకు క్రియాటినిన్ 5 దాటితేనే ఆఖరి దశ అంటారు, దానికి 9 ఉంది. అంటే కడుపులో ఎప్పుడూ వికారం, నోట్లో పుళ్లు, తిన్నది ఇమడకపోవడం. బాగుపడే ఆశ లేక బాధపడుతున్న జంతువుకు నొప్పి తెలియకుండా ప్రాణం తీయడానికి మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టమే దారి ఉంచింది. మీ అత్తయ్యగారికి కాలభైరవుడి మీద అంత భక్తి ఉంటే, తెనాలి వచ్చి నాలుగు రాత్రులు మల్లిని పక్కకు తిప్పమనండి. శాపాల సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.

నన్ను ఆపింది మీ ప్రశ్న కాదు, మీరు బ్రాకెట్లలో పెట్టిన వాక్యం. "ఒక రోజు ఆగి చెప్పాం, తట్టుకున్నారు."

తట్టుకున్నారని మీకెలా తెలుసు? ఆ మే నెల ఎలాంటిదో మనందరికీ తెలుసు. మూటగట్టిన మనిషిని దూరం నుంచి చూసి వెనక్కి వచ్చిన కుటుంబాలెన్నో. ఆ రోజు మీరు చేసినదాన్ని నేను తప్పుపట్టను. భయపడ్డారు, ఆయన కూడా పోతారేమోనని. కానీ ఆ తర్వాత ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆయన పక్కన కూర్చుని, "నాన్నా, ఆ రోజు మీకు చెప్పకుండా ఉండాల్సింది కాదు" అన్నారా? అని ఉంటే ఆయన కుక్కతో మాత్రమే మాట్లాడే మనిషి అయ్యేవారు కాదేమో. మల్లి ఆయన దగ్గర ఏదీ దాచదు కదా.

ఇప్పుడు రెండోసారి అదే పని చేయబోతున్నారు. పైగా ఈసారి దేవుణ్ణి అడ్డం పెట్టుకుని!

మీ పథకం పారిందనే అనుకుందాం. ఆయన కొండ దిగి వస్తారు, మీరు పెరట్లో కొత్త మట్టి చూపిస్తారు. ఆయనకు మొదట వచ్చే ఆలోచన ఏమిటో ఊహించారా? "నేను లేని రోజునే పోయింది. గుమ్మం వైపు చూస్తూ నా కోసం వెతుక్కుని ఉంటుంది." బతికినన్నాళ్లూ ఆయన్ను తినేసే మాట అది. మీరు తప్పించాలనుకున్న దుఃఖానికి ఆయన చేయని నేరం ఒకటి తోడు చేస్తున్నారు. ఇక జీవితమంతా పిల్లల కాపీలు పట్టుకున్న లెక్కల మాస్టారు మీ ముఖం చూసి అసలు సంగతి కనిపెట్టరని ఎలా అనుకున్నారో నాకు అర్థం కాలేదు. పాలవాడికి తెలిసిన విషయం ఆయనకు తెలియకుండా ఎన్నాళ్లు ఉంచుతారు?

పెద్దవాళ్ల ఆరోగ్యం పేరు చెప్పి వాళ్ల దుఃఖాన్ని వాళ్లకు దక్కకుండా చేసే హక్కు పిల్లలకు లేదని నేను గట్టిగా నమ్ముతాను. బీపీకి మాత్ర ఉంది. స్టెంటు గురించి భయముంటే ఆయన గుండె డాక్టరుతో ముందుగా మాట్లాడండి. ఈ విషయంలో మొహమాటపడి మెత్తగా రాయడం నాకు చేతకాదు.

ఈ శనివారం తెనాలి వెళ్లండి. గట్టిగా గంట ప్రయాణం. పగలు చూసి వచ్చేయకుండా రెండు రాత్రులు అక్కడే ఉండండి. అర్ధరాత్రి ఆయన లేచినప్పుడు తుండుగుడ్డ రెండో కొస మీరు పట్టుకోండి. మల్లి ఎముకలు చేతికి తగులుతాయి, మూలుగు వినిపిస్తుంది. దాని గురించి మాట్లాడటానికి అంతకన్నా మంచి సమయం మీకు దొరకదు. రక్తపరీక్ష కాగితం ఆయన చేతికే ఇవ్వండి. అంకెలు ఆయనకు మీకన్నా బాగా అర్థమవుతాయి. ముందు అమ్మ సంగతి ఎత్తండి, తర్వాత మల్లి సంగతి. ఈ వరస తప్పకండి.

ఆయన వద్దంటే? అనవచ్చు. అది మల్లి కోసమా, ఆ ఇంట్లో ఒంటరిగా మిగిలిపోతానన్న భయంతోనా అని అడగండి. కూతురిగా తండ్రిని ఆ మాత్రం నిలదీయవచ్చు. రెండోదే అయితే దానికి మందు మీ దగ్గర ఉంది, పశువుల డాక్టరు దగ్గర లేదు. ఆయన్ను వెంట తీసుకెళ్తారో, వారానికి రెండు రోజులు మీరే వచ్చి ఉంటారో తేల్చుకుని మరీ వెళ్లండి. అది తేలకుండా నోరు విప్పకండి.

ఒప్పుకుంటే డాక్టరును ఇంటికే పిలవండి. ముందు మత్తుసూది వేస్తారు, కొద్ది నిమిషాల్లో మల్లి గాఢనిద్రలోకి వెళ్తుంది. ఆ తర్వాత నరానికి మోతాదు మించిన మత్తుమందు ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. కళ్లు మూతపడవు, పోయాక కూడా ఒకసారి ఊపిరి తీసినట్టు కదలిక రావచ్చు. ఇవి నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఇంకా బతికే ఉందని కంగారుపడతారు. దాని తల ఆయన ఒళ్లో ఉండనివ్వండి. పరుపు మార్చకండి, ఆయన పాత పంచె మీదే పడుకోనివ్వండి. పెరుగన్నం ఒక ముద్ద తింటానంటే ఆయన్నే పెట్టనివ్వండి. గొయ్యి ఎక్కడ తవ్వాలో చెప్పాల్సింది కూడా ఆయనే.

ఇక మీ తమ్ముడు. కుక్కను తెచ్చి అప్పగించి వెళ్లినవాడు, ఇప్పుడు దాన్ని పంపే పని అక్కకు అప్పగించాడు. ఆ రోజు డాలస్‌లో అర్ధరాత్రయినా సరే లేచి వీడియో కాల్‌లో కూర్చోమనండి. అమ్మ విషయంలో మీరిద్దరూ కలిసే దాచారు కాబట్టి, నాన్నగారికి ఆ మాట అతను కూడా తన నోటితోనే చెప్పాలి.

తిరుమల టికెట్లు ఇప్పటికే తీసి ఉంటే, పోయేది మనిషికి మూడువందలు. పోనివ్వండి. మీ తమ్ముడు చూసిపెట్టిన ఆ కుక్కపిల్లను ఇస్తామన్నవాళ్లకు కూడా ఈ రాత్రే ఫోను చేసి వద్దని చెప్పండి.