సిబ్బంది సోషల్ మీడియా వాడకంపై నిఘా: పలాస సభ్యుని ప్రశ్నకు సమాధానం

నమస్కారమండి. పలాసలోని మీ జీడిపప్పు కార్యాలయంలో బిల్లింగ్ సిబ్బంది పని వేళల్లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ చూస్తూ కూర్చుంటున్నారనీ, వారి ఫోన్లలో వారికి తెలియకుండా నిఘా యాప్ వేయవచ్చా అనీ అడిగారు. ఆ ఆలోచన మానుకోండి. సొంతదారు అనుమతి లేకుండా ఫోనులోకి చొరబడటం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. అది మోసపూరితంగా చేసినట్టు రుజువైతే 66వ సెక్షన్ ప్రకారం 3 సంవత్సరాల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కార్యాలయపు కంప్యూటర్లు, వైఫై మీవి కనుక వాటి సంగతి వేరు. రౌటర్‌లో డీఎన్‌ఎస్ ఫిల్టర్ (సైటు పేరును బట్టి అడ్డుకునే ఏర్పాటు) పెడితే మీరు ఎంచుకున్న సైట్లు తెరుచుకోవు. ఆ సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్ (సమాచారాన్ని మధ్యలో ఎవరూ చదవలేని సంకేత రూపంలో పంపే పద్ధతి) మీద నడుస్తాయి కాబట్టి, ఏ కంప్యూటర్ నుంచి ఏ సైటుకు వెళ్లారో రౌటర్ నమోదు చేసే లాగ్‌లో కనబడుతుందే తప్ప ఎవరికి ఏమి రాశారో కనబడదు; నిజానికి మీకు అంతకు మించి అవసరమూ లేదు. సొంత మొబైల్ డేటాను రౌటర్ ఆపలేదు గనుక, కౌంటర్ దగ్గర ఉన్నంతసేపూ ఫోను సొరుగులో ఉంచాలన్న నియమం పెట్టండి. వాట్సాప్ వెబ్‌ను మాత్రం మూయకండి. డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 జీడిపప్పు రకాల ధరలు అడిగే వ్యాపారులు అందులోనే మాట్లాడుతారు కదా.

ఏమి గమనిస్తారో, ఆ వివరాలను ఎన్నాళ్లు ఉంచుతారో తెలుగులో ఒక పేజీ రాసి, అందరిచేతా చదివించి, సంతకాలు తీసుకున్న తరువాతే ఇదంతా మొదలుపెట్టండి.