గ్లాక్ చేతికొచ్చిందని బ్రౌనింగ్‌ని మర్చిపోమాక అల్లుడూ

అల్లుడూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇంట్లో చుట్టాలుండారు, సరిగా మాట్లాడలేకపోయా, అందుకే పొద్దున్నే కాఫీ తాగి కూర్చొని రాస్తన్నా, పొడుగైనా మొత్తం చదువు. ఆరేళ్లు బ్రౌనింగ్ పిస్టల్ పెట్టుకొని తిరిగినోడివి, పది గజాల కాడ ఐదు రౌండ్లు, అంటే తూటాలు, అరచేతిలో పట్టేట్టు కొట్టేవాడివి, పీఎస్ఓ డ్యూటీకి, అంటే పెద్దోళ్ల పక్కన కాపలాకి, వేసి గ్లాక్ పిస్టల్ చేతికిచ్చేసరికి రౌండ్లన్నీ పైకి పోయినాయి అంటన్నావు. ఆ తర్వాత వారానికి గార్డు డ్యూటీలో మళ్ళీ పాత పిస్టలే ఇచ్చారు, ప్రాక్టీసులో ట్రిగ్గర్ నొక్కితే కదల్లేదు, చూస్తే సేఫ్టీ, పొరపాటున పేలకుండా ఆపే మీట, తియ్యలేదు అన్నావు. నువ్వు గ్రూపు, అంటే రౌండ్లు ఒకే చోట పడటం, చెదిరిపోయిందని బాధపడతన్నావు గానీ నాకు రాత్రంతా నిద్ర పట్టనియ్యంది ఆ సేఫ్టీ సంగతే.

గ్రూపుదేముంది, నెల రోజులు కష్టపడితే అదే వస్తది. చెయ్యి తికమకపడటం అట్టా కాదు, ప్రశాంతంగా ఉన్నప్పుడు బయటపడదు, కంగారులోనే బయటపడద్ది. మీ నాయన పాత బుల్లెట్ గుర్తుందా, కుడికాలు గేరు, ఎడమకాలు బ్రేకు, ఇరవై ఏళ్లు తోలాడు దాన్ని. తర్వాత కొత్త బండి కొన్నాడు, నెల రోజులు ఒంగోలుకీ కందుకూరుకీ బ్రహ్మాండంగా తిరిగాడు, ఇంక అలవాటైపోయింది అనుకున్నాడు, ఒకరోజు టంగుటూరు దాటినాక హైవే మీద గొర్రెలు అడ్డమొస్తే ఎడమకాలు గట్టిగా తొక్కాడు, అది బ్రేకు కాదు గేరు. దేవుడి దయ, చెయ్యి బ్రేకు పట్టి మోచెయ్యి గీరుకోటంతో పోయింది. బుర్రకి తెల్సు అది కొత్త బండని, కాలికి తెలీదు. పిస్టల్ కాడ కూడా అంతే అల్లుడూ, బుర్ర నేర్చుకోటానికి ఒక్క గంట చాలు, బొటనవేలు నేర్చుకోటానికి నెలలు పట్టద్ది.

ముందు నీ చేతిలో ఏముందో తెల్సుకో. మన డిపార్టుమెంటులో బ్రౌనింగ్ అని పిలిచే 9 ఎంఎం ఆటో పిస్టల్ ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసింది, దాని మూలం 1935 నాటి హైపవర్. గ్లాక్ 17ని ఆస్ట్రియా ఆర్మీ తీసుకుంది 1982లో. తూటా ఒకటే, రెండింటి మధ్య దాదాపు యాభై ఏళ్లు. అది ఇనుము, కిలోకి దగ్గర బరువు, మేగజీన్‌లో, అంటే పిడిలో దూర్చే తూటాల డబ్బాలో, 13 రౌండ్లు. దీని ఒళ్లు పాలిమర్, అంటే గట్టి ప్లాస్టిక్, మేగజీన్ లేకుండా 630 గ్రాముల దగ్గర, 17 రౌండ్లు పడతాయి. బ్రౌనింగ్‌కి వెనక హ్యామర్, తూటా పేలటానికి దెబ్బ కొట్టే ముక్క, కనపడద్ది, లేచి ఉందా పడి ఉందా చూస్తే తెలిసిపోద్ది. గ్లాక్‌లో చూడ్డానికి హ్యామరే లేదు, ట్రిగ్గర్ ముందుకుంటే అది తయారుగా ఉన్నట్టు. బొటనవేలితో తిప్పే సేఫ్టీ కూడా లేదు, లోపల మూడు సేఫ్టీలు ఉండాయి గానీ అవన్నీ నీ వేలు ట్రిగ్గర్ లాగతా ఉంటే వరసగా వదిలేస్తాయి. అంటే అసలు సేఫ్టీ నీ చూపుడువేలే.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. హైపవర్ డిజైన్‌లో మేగజీన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచెయ్యదు, లోపల దానికోసం ఒక ముక్క ఉంటది, కొన్నిట్లో అది తీసేసి కూడా ఉంటారు కాబట్టి దాన్నీ నమ్మకూడదనుకో. కానీ ఏళ్ల తరబడి దాంతో పనిచేసినోడికి "మేగజీన్ తీశా, ఇంకేం కాదు" అనే ధైర్యం ఒకటి లోపల కూర్చుంటది. గ్లాక్ అట్టా కాదు, మేగజీన్ చేతిలో ఉన్నా ఛాంబర్‌లో, గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోట, ఒక్క రౌండు ఉంటే పేలద్ది. పైగా క్లీనింగ్‌కి విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాల్సిందే.

నా కళ్లారా చూసింది చెప్తా, ఏ యూనిటో ఎవరో వద్దులే. డ్యూటీ దిగొచ్చిన కుర్రాడు, మంచోడు, శ్రద్ధ ఉన్నోడే, గ్లాక్ క్లీన్ చేద్దామని కూర్చున్నాడు. ముందు స్లైడ్, పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం, లాగాడు, ఛాంబర్‌లో రౌండు బయట పడింది, చూసుకున్నాడు. తర్వాత మేగజీన్ తీశాడు. వరస తిరగబడిందని గమనించలా. మేగజీన్ లోపల ఉండగానే స్లైడ్ లాగి వదిలితే ఇంకో రౌండు ఎక్కి కూర్చుంటది గదా. బయట పడ్డ రౌండుని చూసి ఖాళీ అయింది అనుకున్నాడు, విప్పటానికి ట్రిగ్గర్ నొక్కాడు. బల్ల కాలు పక్కన గచ్చు లేచిపోయింది, ముక్కలు ఆ పిల్లోడి పిక్కలో దిగినాయి. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది, నాలుగు గోడల మధ్య 9 ఎంఎం పేలితే ఎట్టుంటదో నీకు చెప్పక్కర్లా. ఆ పూట నుంచి నా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే నేను చూసుకునే ఆయుధాల గదిలో, ఒకటే పద్ధతి పెట్టా. ముందు మేగజీన్, తర్వాత స్లైడ్ రెండుసార్లు, వెనక్కి లాగి ఆపి కళ్లతో చూడు, చిటికెన వేలు ఛాంబర్‌లో పెట్టి తడుము. ఏ బట్ నంబర్, అంటే ఏ తుపాకీ నంబర్, అయినా, ఏ మోడల్ అయినా, ఇప్పుడే పక్కోడు చూసి ఇచ్చినా సరే. ఈ ఒక్క పనికి మోడల్ తేడా ఉండకూడదు, అన్నిటికీ ఒకే వరస.

ఇంక నీ రౌండ్లు పైకి ఎందుకు పోయినాయో చెప్తా. గ్లాక్ పిడి వంపు వేరు, బ్రౌనింగ్ పిడి కన్నా ఎక్కువ వెనక్కి వాలుంటది. బ్రౌనింగ్ అలవాటైన మణికట్టు అదే కోణంలో లేస్తే గ్లాక్ మూతి ఆకాశం చూస్తది. పరీక్ష చేసుకో, బాగా ఖాళీ చేసి, మందుగుండు ఇంకో గదిలో పెట్టి, గోడ మీద ఒక చుక్క పెట్టుకొని కళ్లు మూసుకొని పిస్టల్ ఎత్తు, కళ్లు తెరువు. ఫోర్‌సైట్ (ముందు గురి ముక్క) బ్యాక్‌సైట్ (వెనక గురి ముక్క) గాడిలోంచి పైకి లేచి కనపడద్ది చూడు. మణికట్టు కొద్దిగా కిందకి వంచి సరిచేసి, దించి, మళ్ళీ కళ్లు మూసుకొని ఎత్తు. రోజుకి ఇరవై సార్లు చెయ్యి, రెండు వారాల్లో కళ్లు తెరవంగానే సైట్లు వరసగా ఉంటాయి. ఫైరింగ్ రోజు మైదానంలో ఇది నేర్చుకుందాం అనుకుంటే కుదరదు, మనకిచ్చే రౌండ్లే తక్కువ, వాటిని వంపు నేర్చుకోటానికి తగలేస్తే ఎట్టా.

ట్రిగ్గర్ సంగతి. బ్రౌనింగ్ సింగిల్ యాక్షన్, హ్యామర్ ముందే లేచుంటది కాబట్టి కొంచెం లాగితే తెగద్ది, అంటే పేలద్ది. గ్లాక్‌కి ముందు కొంత వదులుగా వస్తది, తర్వాత ఒక గోడ తగిలినట్టు ఆగద్ది, అక్కణ్ణుంచి రెండున్నర కిలోల దాకా బరువు మీద తెగద్ది. నువ్వు బ్రౌనింగ్ లెక్కలో వదులు దగ్గరే పేలద్దని ఎదురుచూసి, పేలకపోయేసరికి ఒక్కసారిగా గుంజావు, అదీ జరిగింది. వదులు మొత్తం తీసుకొని గోడ కాడికి రా, అక్కడ సైటు చూస్తా మెల్లగా ఒత్తిడి పెంచు. పేలినాక వేలు మొత్తం వదిలెయ్యకుండా టిక్ అని తగిలేదాకే ముందుకి పోనీ, మళ్ళీ అక్కణ్ణుంచే లాగు. స్లైడ్ మీద ఫోర్‌సైట్ వెనక రూపాయి బిళ్ల పెట్టి డ్రై ప్రాక్టీస్, అంటే తూటాల్లేకుండా, చెయ్యి, బిళ్ల పడకుండా వరసగా పది సార్లు తెగితే అప్పుడు నీ వేలు దారికొచ్చినట్టు. పిస్టల్ తేలికది కాబట్టి పట్టు కూడా గట్టిగా ఉండాలి, మణికట్టు వదులైతే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోక జామ్ అవుద్ది, అప్పుడు పిస్టల్‌ని తిట్టుకుంటారు జనం.

పట్టు అంటే నా చెయ్యి చూశావు గదా, బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య ఆ గీత. మేము సర్వీసులో చేరినప్పుడు రివాల్వరే. ఎడమ బొటనవేలు కుడిచేతి వెనక నుంచి చుట్టి పట్టేవాళ్లం, రివాల్వర్ వెనక కదిలేది హ్యామర్ ఒక్కటే కాబట్టి ఏమీ కాదు. మొదటిసారి ఆటో పిస్టల్ ఇచ్చిన రోజు అదే పట్టు పట్టా, రెండో రౌండుకి స్లైడ్ వెనక్కొచ్చి చర్మం చీరేసింది, రక్తం కారతా ఉంటే అప్పుడు అర్థమైంది. అదే పిస్టల్ పట్టుతో రివాల్వర్ పట్టి వేళ్లు ముందుకి చాపితే సిలిండర్ సందులోంచి వచ్చే మంట కాలుస్తది. నీకు ఎప్పుడన్నా రివాల్వర్ ఇచ్చినా ఇది గుర్తుంచుకో, రౌండు పేలకపోతే అందులో మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే పక్క రౌండు వస్తది, పిస్టల్‌లో అట్టా కాదు, మేగజీన్ కింద కొట్టి స్లైడ్ లాగాలి.

ఇప్పుడు అసలు సంగతికొస్తా, సేఫ్టీ. నా మాట విని ఈ ఒక్క అలవాటు చేసుకో. ఏ పిస్టల్ ఎత్తినా, సేఫ్టీ ఉన్నా లేకపోయినా, టార్గెట్ మీదకి చేతులు పోతా ఉండగానే కుడి బొటనవేలు పక్కనుంచి కిందకి తుడిచినట్టు రావాలి. బ్రౌనింగ్‌లో అది సేఫ్టీ తీస్తది. గ్లాక్‌లో అక్కడ ఏమీ లేదు, నష్టమేమీ లేదు. గ్లాక్ ఒక్కదానితోనే తిరుగుతా ఈ తుడుపు మానేశావో, నువ్వు గార్డు డ్యూటీలో చూసిందే మళ్ళీ జరుగుద్ది, ఈసారి ప్రాక్టీసులో కాకపోవచ్చు. తుడిచినాక ఆ వేలు గ్లాక్ ఎడమ పక్కనుండే స్లైడ్ స్టాప్ మీద ఆనించమాక, ఆనిస్తే ఆఖరి రౌండు అయినాక స్లైడ్ తెరుచుకొని ఆగదు, నీకు ఖాళీ అయిన సంగతే తెలీదు. ఇంకో జాగ్రత్త, బెరెట్టా 92 లాంటి వాటిల్లో సేఫ్టీ స్లైడ్ మీదుంటది, కిందకి తోస్తే సేఫ్, పైకి నెడితే ఫైర్, మన అలవాటుకి ఎదురు. అట్టాంటిది ఎప్పుడన్నా చేతికొస్తే వెంటనే డ్యూటీకి కట్టుకోమాక, రెండ్రోజులు ఖాళీగా తిప్పిచూసినాకే.

ఛాంబర్ లోడ్ చేసి తిరగాలా ఖాళీగా తిరగాలా అనేది మీ ఆఫీసర్ల ఆర్డరు, దాంట్లో నీ సొంత తెలివి వద్దు. హోల్‌స్టర్, అంటే పిస్టల్ పెట్టుకొనే ఒర, మాత్రం గ్లాక్‌కి కొలిచి చేసిందే అడుగు, ట్రిగ్గర్ మొత్తం కప్పేది. పాత తోలు హోల్‌స్టర్ నోరు మెత్తబడి మడతపడి ట్రిగ్గర్‌లోకి పోతే ఏమవుద్దో ఆలోచించు. సివిల్ డ్రెస్ కదా అని నడుములో దోపుకొనే వాళ్లని చూశా, నువ్వు ఆ పని చేశావని తెలిస్తే నేనే నెల్లూరు వస్తా.

రెండూ చేత్తో పట్టలేమేమో అని అధైర్యపడమాక. మను భాకర్ 2024 పారిస్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో రెండు కాంస్యాలు కొట్టింది, అదే ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు, 25 మీటర్లదానికి 1000, ఒకటి గాలిది, ఒకటి మందుది. మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ కూడా హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో రెండిట్లోనూ పతకాలు తెచ్చింది. వాళ్లు రోజంతా అదే పనిలో ఉంటారు నిజమే, మనకి డ్యూటీలు, బందోబస్తులు. అందుకే మనం ఒకదాన్ని సొంతిల్లు చేసుకోవాలి. నీకిప్పుడు గ్లాక్ ఇల్లు, నీ ప్రాక్టీసులో మూడొంతులు దానికే. బ్రౌనింగ్‌కి వారంలో ఒకరోజు, ఒక పావుగంట, ఆయుధాలు చూసుకునే ఆర్మరర్‌ని అడిగి అక్కడే చేసుకో. ఒకే పూట ఇది నాలుగు సార్లు అది నాలుగు సార్లు మార్చి మార్చి చెయ్యమాక, మొదట్లో అది చేతిని ఇంకా గందరగోళం చేస్తది, మూడు నెలలైనాక చేసుకోవచ్చు.

డ్యూటీ మారి వెపన్ మారిన పొద్దున, సంతకం పెట్టి తీసుకోంగానే బెల్టుకి పెట్టుకోమాక. అన్‌లోడింగ్ పాయింట్ కాడ ఖాళీ చేసి పది సార్లు ఎత్తు, పది సార్లు ట్రిగ్గర్ తెంపు, మేగజీన్ రెండుసార్లు మార్చు. ఐదు నిమిషాల పని. నేను ఇచ్చిన కుర్రాళ్లలో ఇట్టా చేసినోళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాళ్లకి వెపన్ ఇచ్చేటప్పుడు నాకు భయమనేది ఉండేది కాదు.

ఫైరింగ్ రోజు రెండూ ఉంటే డ్యూటీది ముందు కొట్టు, వార్మప్ లేకుండా. ఆ మొదటి రౌండు యాడ పడిందో అదే నీ నిజమైన లెక్క, తర్వాతవి చెయ్యి సర్దుకున్నాక పడేవి. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకో, తేదీ, బట్ నంబర్, ఎన్ని గజాలు, మొదటి రౌండు యాడ, గ్రూపు ఎంత, అంతే. ఒకే మోడల్‌లో కూడా రెండు పిస్టళ్లు ఒకే చోట కొట్టవు, అది పుస్తకంలోనే తెలుస్తది.

సంక్రాంతికి సింగరాయకొండ వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసుకరా, నేను చూడాలి. అమ్మని మోకాలి నొప్పికి మాత్రలు మానొద్దని చెప్పు, నేను అడిగానని చెప్పు.

మీ మామ