టెసోల్‌కి వెళ్తున్నారా? ముందు ఒక నోట్‌బుక్ కొనుక్కోండి

మొన్న సంక్రాంతికి తార్నాక వచ్చినప్పుడు పక్కింటి అమ్మాయి బ్రిటన్ యూనివర్సిటీ ఆఫర్ లెటర్ పట్టుకొచ్చింది. ఎమ్మే టెసోల్. అంటే ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఇంగ్లిష్ నేర్పే చదువు. తను అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతోంది. "అక్కడ పాఠం చెప్పడం బాగా నేర్పిస్తారట కదా ఆంటీ?" అంది.

అలా అనుకుని వెళ్తే నిరాశే. ఏడాదిలో 180 క్రెడిట్లు, అందులో 60 డిసర్టేషన్‌కే, అంటే చివర్లో రాసే పెద్ద పరిశోధన వ్యాసానికే పోతాయి. మిగతాదంతా చదవడం, రాయడం, వాదించడం. కొన్ని కోర్సుల్లో క్లాసు చెప్పే అవకాశమే ఉండదు. ఇంగ్లిష్ టీచర్ల కోసం ఉండే నెల రోజుల సర్టిఫికెట్ కోర్సు సెల్టాలో కూడా 6 గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పిస్తారు. ప్రాక్టికమ్, అంటే క్లాసులో పాఠం చెప్పే సాధన ఉందా, ఎన్ని గంటలు అని ఫీజు కట్టకముందే మెయిల్ పెట్టి అడగండి. ఇంకోటి, ఇంగ్లండ్ ప్రభుత్వ బడుల్లో మామూలుగా అడిగే క్యూటీఎస్ అనే టీచరు అర్హత ఈ డిగ్రీతో రాదు. కన్సల్టెన్సీ వాళ్లు ఈ ముక్క చెప్పరు.

నేనూ ఈ ఎమ్మేనే చేశా. నా మొదటి అసైన్‌మెంట్‌కి 52 వచ్చింది. 50 వస్తే పాస్. ఇక్కడి పరీక్షల అలవాటుకొద్దీ పెద్దవాళ్లు చెప్పినవన్నీ పొందికగా పేర్చి ఇచ్చా. "ఇవన్నీ వాళ్ల మాటలు, మీరేమంటారు?" అని పక్కన పెన్సిల్‌తో రాసిచ్చారు. నేననడానికి ఏముందని ఆ రాత్రి ఏడుపొక్కటే తక్కువ.

తర్వాతి వారం ఎవరి భాష వాళ్లు పది నిమిషాలు నేర్పాలన్నారు. నేను 'మేము', 'మనం' ఎంచుకున్నా. "మేము సినిమాకి వెళ్తున్నాం" అంటే నువ్వు ఇంట్లోనే, "మనం" అంటే చెప్పులేసుకో అని చెప్పా. స్పెయిన్ అబ్బాయికి ఎంతకీ ఎక్కలేదు. బీజింగ్ అమ్మాయి మాత్రం చటుక్కున పట్టేసింది, వాళ్లకూ వొమెన్, జాన్మెన్ అని రెండున్నాయట. ఇంగ్లిష్‌లో 'ది' ఎక్కడ పెట్టాలో తెలియక మన పిల్లలు పడే తిప్పలు అప్పుడు గుర్తొచ్చాయి. తెలుగులో ఆ పనికి మాటే లేదు మరి. రెండో అసైన్‌మెంట్ దాని మీదే రాశా.

అందుకే ఆ అమ్మాయికి చెప్పా: ఈరోజు నుంచే నీ స్టూడెంట్లు చేసే తప్పులు చేసినవి చేసినట్టు రాసిపెట్టు, కింద తెలుగు మాట కూడా రాయి. అక్కడికెళ్లాక ఆ క్లాసు దొరకదు.

డబ్బు సంగతి క్లుప్తంగా. వీసాకి చూపించే సొమ్ము 28 రోజులు వరుసగా ఖాతాలో ఉండాలి. పార్ట్‌టైమ్ పని, టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే. డిసర్టేషన్ రాసే వేసవి కూడా టర్మే, దాన్ని సెలవులనుకుని ఎక్కువ గంటలు చేశారో, వీసాకే ఎసరు. ఎమ్మేకి వెళ్తూ భర్తనో భార్యనో డిపెండెంట్‌గా తీసుకెళ్లడం 2024 జనవరి నుంచి కుదరదు.

రెండ్రోజులకి నోట్‌బుక్‌తో మళ్లీ వచ్చింది. మొదటి పేజీలో "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్", కింద "నాకు ఇద్దరు అన్నలున్నారు".

"తెలుగులో లేని ఈ 'హావింగ్' ఎక్కణ్నుంచి వచ్చింది ఆంటీ?"

నేను చెప్పలేదు. తనకి సెప్టెంబరు దాకా టైముంది.