గృహప్రవేశం తరువాతి వెలితి

ప్రశ్న: పదకొండేళ్లు చీటీలు కట్టి, నగలు తాకట్టు పెట్టి, నిరుడు వైశాఖంలో సొంత ఇంట్లోకి వచ్చాం. రెండు నెలలు తిరగకముందే ఆ సంతోషం పలచబడింది. ఇప్పుడు పైన ఇంకో అంతస్తు వేయాలని మనసు పీకుతోంది. "నీకు ఎంత ఉన్నా చాలదమ్మా" అంటున్నారు మా అత్తగారు. నాది దురాశేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ అత్తగారి మాటను పూర్తిగా తోసిపుచ్చలేము గాని, దురాశ అని తీర్పు చెప్పేముందు ఒక సంగతి గమనించాలి. ఒకదాన్ని కోరుకోవడం, అది దొరికాక దానివల్ల ఆనందించడం ఒకే పని అని మనం అనుకుంటాం. నిజానికి అవి రెండు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్, ఆయన సహచరులు 1989లో ప్రకటించిన ప్రయోగాల్లో, మెదడులోని డోపమైన్ అనే రసాయనాన్ని దాదాపు పూర్తిగా తొలగించిన ఎలుకలు ఎదుట ఆహారం ఉన్నా దాని దగ్గరకు వెళ్లలేదు. అయినా నోట్లో తీపి నీరు పోస్తే మామూలు ఎలుకల్లాగే పెదవులు నాక్కున్నాయి. అంటే రుచి తెలుస్తూనే ఉంది, కోరికే లేదు. దీనికి తలకిందులుగా, ఇష్టం ఏమాత్రం పెరగకుండా కోరిక ఒక్కటే పెరగడమూ సాధ్యమేనని ఆ తరువాతి పరిశోధనల్లో తేలింది. పైఅంతస్తు కోసం పీకుతున్న మీ మనసు, కింది ఇంట్లో ఎంత సుఖంగా ఉన్నారన్న లెక్క అడిగి కదలడం లేదన్నమాట.

తృప్తి గురించిన బోధలకు మనకు కొదవ లేదు. (మూడడుగులతో తృప్తిపడనివాడికి సప్తద్వీపాలిచ్చినా చాలవని బలికి చెప్పిన వామనుడే ఆ వెంటనే లోకాలన్నీ కొలిచేశాడన్నది వేరే సంగతి.) వాటన్నిటికంటే నాకు యయాతి మాట మీద గురి ఎక్కువ, ఎందుకంటే అది అనుభవించి చెప్పిన మాట. శుక్రాచార్యుడి శాపంతో ముసలితనం మీదపడితే, నలుగురు కొడుకులు కాదన్నాక చివరివాడైన పూరుడి యౌవనం తీసుకొని వెయ్యేళ్లు భోగించి, అప్పుడన్నాడు: కోరికలు అనుభవంతో చల్లారవు, నెయ్యి పోసిన అగ్నిలా ఇంకా పెరుగుతాయి అని. ఆ యౌవనాన్ని కొడుక్కి తిరిగి ఇచ్చేశాడు కూడా.

అయితే మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది ఇల్లు కాదు, పదకొండేళ్లు. ప్రతి నెలా చీటీ కట్టిన రోజున, ఇటుక ధర అడిగిన రోజున, గుమ్మం ఏ దిక్కున పెట్టాలని వాదించుకున్న రోజున మీకు ఒక ఎదురుచూపు తోడుండేది. పాలు పొంగించిన నాటితో అది ముగిసిపోయింది. మీకు వెలితిగా ఉన్నది ఆ ఎదురుచూపే అయితే, దాని స్థానంలో మీరు మరో అంతస్తును నిలబెట్టుకుంటున్నారని నా అనుమానం. ఇందులో దురాశ ఉందని నేననుకోను. అప్పు మాత్రం ఉంటుంది.

అందుచేత మేస్త్రీని పిలిచేముందు, పైఅంతస్తులో ఎవరుంటారో, ఏ గదిలో ఏం చేస్తారో ఒక కాగితం మీద రాయండి. పెళ్లీడుకొచ్చిన కొడుకో, అద్దె రాబడో, ఎండాకాలంలో కింది గదుల ఉక్కపోతో ఆ కాగితం మీదకు వస్తే నిక్షేపంగా కట్టుకోండి. ఏమీ తోచకపోతే, తాకట్టులో ఉన్న నగలను ముందు విడిపించుకోండి.