ఫౌండేషన్ కొలువు: కూతురి భవిష్యత్తుపై ఒక తండ్రి బెంగ

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. క్యాంపస్ ఎంపికల్లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పోయిన వేసవిలో అనంతపురం జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థ చేపట్టిన వాటర్‌షెడ్ (వాన నీటిని, నేలను కాపాడే) పనుల్లో ఇంటర్న్‌షిప్ చేసింది. అప్పటి నుంచి, అలాంటి పనులకు డబ్బిచ్చే కుటుంబ ఫౌండేషన్‌లోనే, అంటే ఒక సంపన్న కుటుంబం పెట్టిన దాతృత్వ సంస్థలోనే, ఉద్యోగం చేస్తానంటోంది. సేవ చేయడానికి జీవితంలో స్థిరపడ్డాక బోలెడు సమయం ఉంటుందని చెప్పినా వినడం లేదు. అంత పట్టుదలగా ఉంటే బ్రిటన్‌లో సోషల్ ఇంపాక్ట్ అనే ఏడాది మాస్టర్స్ చేయించమని కన్సల్టెన్సీ వారు అంటున్నారు, 35 లక్షలు అవుతుందట. అది మేలా, ఇక్కడే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో మాస్టర్స్) వంటిది మేలా? అసలు ఇది ఉద్యోగమేనా? – ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నా వాటి అడుగున ఉన్న భయం ఒక్కటే. చిన్న చిన్న మార్పులతో ఇదే ఉత్తరం నాకు ఏటా వస్తుంది. మీ అమ్మాయి పస్తులుంటుందని మీరు భయపడటం లేదు. బంధువులు ‘అమ్మాయి ఏం చేస్తోంది’ అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పుకోలేకపోతామని, ఆ డబ్బున్న కుటుంబానికి రేపు మనసు మారితే ఆమె రోడ్డున పడుతుందని మీ బెంగ. మొదటి దానిపై నాకు పెద్దగా సానుభూతి లేదు. రెండోది న్యాయమైన ప్రశ్న కనుక దానికే ఎక్కువ చోటిస్తాను, కోర్సుల పోలిక ఆ తరువాత.

కుటుంబ ఫౌండేషన్ అంటే పండుగకు దుప్పట్లు పంచే ఏర్పాటు అన్న అభిప్రాయం మీ ఉత్తరంలో కనబడుతోంది. జంషెడ్జీ టాటా 1892లోనే ఉన్నత విద్యకు విదేశాలకు వెళ్లే భారతీయుల కోసం ఒక నిధిని నెలకొల్పారు. ఈ రోజు టాటా సన్స్ వాటాల్లో సుమారు 66 శాతం ఆ కుటుంబీకులు పెట్టిన ట్రస్టుల చేతిలోనే ఉంది. అజీమ్ ప్రేమ్‌జీ 2019లో విప్రోలో తన ఆధీనంలోని మరో 34 శాతం వాటాల ఆర్థిక ప్రయోజనాన్ని తిరిగి తీసుకునే వీలు లేకుండా దాతృత్వానికి రాసిచ్చారు. దానితో అలా రాసిచ్చినది మొత్తం 67 శాతానికి చేరింది. మన దగ్గరకు వస్తే, హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి మొదటి ఊతం సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం ఇచ్చిన కోటి రూపాయలు, 5 ఎకరాల స్థలం. ఇంత డబ్బు ఎవరికి, ఎంత, ఎన్నేళ్లు ఇవ్వాలో తేల్చడానికీ, ఇచ్చింది చేరవలసిన చోటికి చేరిందో లేదో చూడటానికీ జీతం తీసుకుని పనిచేసే మనుషులు కావాలి. మీ అమ్మాయి కోరుకుంటున్నది ఆ పని.

ఆమె ఇంటర్న్‌షిప్ చేసినటువంటి వాటర్‌షెడ్ ప్రతిపాదన ఒకటి ఫౌండేషన్ బల్ల మీదికి వచ్చిందనుకోండి. ప్రోగ్రాం ఆఫీసర్ ముందుగా ఆ సంస్థ నమోదు పత్రాలు, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన పన్ను మినహాయింపు ధ్రువీకరణలు, గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు చూస్తుంది. తరువాత అంచనాలు: ఎన్ని మీటర్ల కందకాలు, ఎన్ని ఊటకుంటలు, కూలి రేటు ఎంత, యంత్రానికి ఎంత, చెక్‌డ్యాం వాలులో సరైన చోటే ఉందా. ఆ తరువాత ఊరికి వెళ్లి అసలైన ప్రశ్న అడుగుతుంది: పెరిగిన నీరు పల్లపు భూములున్న నలుగురు రైతుల బోర్లలోకే వెళుతుందా, మెట్ట భూములవారికీ భూమి లేనివారికీ ఏమైనా మిగులుతుందా? ఏడాదికి రెండుసార్లు బోర్లలో నీటిమట్టం కొలిచిన లెక్కలను గ్రాంటుకు ముందటి లెక్కలతో పోల్చి, తేడా వాన వల్ల వచ్చిందో పని వల్ల వచ్చిందో ట్రస్టీలకు అర్థమయ్యేలా నాలుగు పేజీల్లో రాస్తుంది. సివిల్ ఇంజినీరింగ్ చదివిన అమ్మాయికి ఇందులో అక్కరకు రానిది ఏదైనా ఉందా? ఆ నాలుగేళ్ల ఫీజు వృథా అయిందన్న మాటను దయచేసి ఇంట్లో మళ్లీ అనకండి. ఉత్తరంలో రాయకపోయినా ఆ మాట ఇప్పటికే అనే ఉంటారని నా అనుమానం.

‘సేవ స్థిరపడ్డాక చేసుకోవచ్చు’ అన్న మీ వాక్యంతో నాకు గట్టి పేచీ ఉంది. ఆసుపత్రిలో నర్సునూ, బడిలో ఉపాధ్యాయుణ్ణీ స్థిరపడ్డాక రమ్మని ఎవరూ అనరు. పర్యావరణం, గ్రామీణ జీవనోపాధి, ఆదివాసీ పిల్లల చదువు అనగానే మాత్రం అవి రిటైరైనవారి కాలక్షేపమన్న చిన్నచూపు మనలో పాతుకుపోయింది. ఈ రంగంలో జీతాలు తక్కువగా ఉండటానికి ఆ చూపు కూడా ఒక కారణం. కంపెనీల చట్టం కింద సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఖర్చులో పరిపాలనా వ్యయం 5 శాతానికి మించకూడదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ ఆ విరాళాల్లో పరిపాలనా వ్యయ పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. సొంత డబ్బిచ్చే కుటుంబ ఫౌండేషన్లకు ఈ పరిమితులు అలాగే వర్తించవు. అయినా ‘మా రూపాయి జీతాలకు కాకుండా పేదలకే వెళ్లాలి’ అనే దాతలు వాటిలోనూ ఉన్నారు. పని చేసే మనిషికి జీతం ఇవ్వకుండా పని జరగాలనే ఆలోచన మీ వాక్యంలోనూ ఉంది, వారి వాక్యంలోనూ ఉంది.

జీతాల విషయం దాచను. మొదటి రెండు మూడేళ్లు, ముఖ్యంగా ఫెలోషిప్‌తో మొదలుపెడితే, గది అద్దెకు, భోజనానికి, ప్రయాణానికి సరిపోయి కొద్దిగా మిగులుతుంది. అయితే పెద్ద ఐటీ సేవల కంపెనీలు కొత్తగా చేరేవారికి ఇచ్చే జీతం కూడా చాలా ఏళ్లుగా ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతోంది. మీరు ఊహిస్తున్న వ్యత్యాసం మొదటి ఏడాదిలో లేదు, పదో ఏడాదిలో ఉంటుంది. ఆ తేడాను ఆమె తెలిసి ఒప్పుకుంటోందా అన్నది అడగదగిన ప్రశ్న, దాన్ని కోపం లేకుండా అడగండి.

ఇప్పుడు మీ న్యాయమైన భయం దగ్గరకు వద్దాం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లోని తారుమారును ఒప్పుకుంటూ దాని అధిపతి రామలింగరాజు రాసిన లేఖ బయటికి వచ్చిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కుటుంబం తండ్రి పేరున పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ అప్పటికి గోదావరి జిల్లాల గ్రామాల్లో మంచినీటి ప్లాంట్లు, వైద్యం, చదువు వంటి పనులు చేస్తోంది. దాని నిధులకు మూలం కుటుంబ సంపదే కావడంతో, ఆ సంపద కూలినప్పుడు ఫౌండేషన్ కూడా నిలదొక్కుకోలేకపోయింది. అదే కుటుంబం చొరవతో 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవకు మాత్రం నిర్వహణ ఖర్చులో అధిక భాగం రాష్ట్ర ప్రభుత్వమే భరిస్తుండేది. జీవీకే సంస్థ బాధ్యత తీసుకున్నాక ఆ సేవ ఆగలేదు, మరిన్ని రాష్ట్రాలకు విస్తరించింది. ఒకే కుటుంబం, ఒకే ఉపద్రవం, రెండు వేర్వేరు ఫలితాలు. దాత ఎంత పెద్దవాడన్న దానికంటే డబ్బు ఏ దారిన వస్తోందన్నదే ఉద్యోగి తెలుసుకోవలసిన విషయం.

కనుక ఫౌండేషన్లన్నింటినీ ఒకే గాటన కట్టకండి. కొన్నిటికి శాశ్వత నిధి ఉంటుంది. వాటాలో, భూములో, డిపాజిట్లో ట్రస్టు పేరుకు మారిపోయి ఉంటాయి, వాటిని వెనక్కి లాక్కోవడం దాత వారసులకు కూడా సాధ్యం కాదు. మరికొన్నిటికి ఏటా కుటుంబమో, కంపెనీయో ఇచ్చేదే ఆధారం. లాభం తగ్గిన ఏడాది మొదట కోతపడేది ఇక్కడే. ఇంకొన్ని పేరుకు కుటుంబానివే అయినా నడిచేది సీఎస్ఆర్ డబ్బుతో. అంటే సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు చేయాలన్న చట్టం వాటిని నడిపిస్తోంది, ఏ పనికి వెచ్చించాలో ఆ చట్టంలోని 7వ షెడ్యూలు చెబుతుంది, కొనసాగే ప్రాజెక్టుకు మొదలైన సంవత్సరం పోను మూడేళ్లే గడువు. మూడేళ్లలో బడికి గదులు కట్టవచ్చు గాని అడవి పెరగదు, ఎండిన చెరువు కింద ఆయకట్టు మళ్లీ నిలబడదు. పర్యావరణం మీద మక్కువ ఉన్న అమ్మాయికి ఓపిక గల డబ్బు కావాలి, అలాంటిది ఎక్కువగా శాశ్వత నిధి ఉన్నచోటే దొరుకుతుంది.

ఆ ఓపికకు మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మహిళా సంఘాలను ఆధారం చేసుకుని ఊరి నుంచి ఊరికి పాకింది. అజీమ్ ప్రేమ్‌జీ దాతృత్వ సంస్థ దానికి అండగా నిలిచింది. పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ ఫౌండేషన్, అంటే ఒక చమురు వ్యాపారి వీలునామాతో పుట్టిన మరో దాతృత్వ సంస్థ, 2024లో తన 10 లక్షల యూరోల పురస్కారాన్ని ముగ్గురికి పంచినప్పుడు వారిలో ఈ కార్యక్రమం ఒకటి. ఆ పనిలో చేయి తిరిగినవారికి ఒక దాత తప్పుకున్నా మరొకచోట తలుపు తెరుచుకుంటుంది. మీ అమ్మాయికి భద్రత ఇచ్చేది నేల, నీరు, లెక్కలు, రాత మీద ఆమె సంపాదించే పట్టే. ఈ మాట మీకు ధైర్యం చెప్పడానికే అంటున్నాను, నమ్ముతూనే అంటున్నాను.

ఇక బ్రిటన్ మాస్టర్స్. సోషల్ ఇంపాక్ట్, సస్టైనబిలిటీ (సుస్థిరత), ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) అనే పేర్లతో ఇప్పుడు నడుస్తున్న మోజు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. మొదటిది, ఇవన్నీ ఒకటే అన్నట్టు అమ్ముతున్నారు. స్టాక్ మార్కెట్‌లో నమోదైనవాటిలో మార్కెట్ విలువ పరంగా తొలి 1000 కంపెనీలకు 2022-23 నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ సుస్థిరతపై నివేదికను తప్పనిసరి చేయడంతో ఈఎస్‌జీ ఉద్యోగాలు పెరిగిన మాట నిజం. అయితే అది కంపెనీ వాడిన కరెంటు, నీరు, వదిలిన వ్యర్థాల లెక్కలను నిర్ణీత పట్టికల్లో నింపే పని. గౌరవమైన పనే, జీతమూ మెరుగే, కానీ మీ అమ్మాయి అనంతపురంలో చూసి ముచ్చటపడినది అది కాదు. రెండోది, ఏడాది మాస్టర్స్‌లో తరగతులు నడిచేది కొన్ని నెలలే. ఆ వ్యవధిలో ఆమె దాతృత్వం గురించి పాశ్చాత్య సిద్ధాంతాలు చదువుతుంది గాని ఒక్క గ్రామసభలోనూ కూర్చోదు. తిరిగి వచ్చి ఇక్కడి ఫౌండేషన్‌లో ఇంటర్వ్యూకు వెళితే వారు అడిగేది ఆ గ్రామసభ గురించే. మూడోది, అక్కడే ఉండిపోయి అంతర్జాతీయ సంస్థల్లో చేరవచ్చన్న ఆశ. 2025లో అమెరికా తన సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసివేశాక ఏళ్ల అనుభవం ఉన్నవారే ఉద్యోగాల కోసం వెతుక్కుంటున్నారు, అనుభవం లేని మన పిల్ల వారితో పోటీపడాలి. అన్నిటికంటే ముఖ్యమైనది అప్పు. 35 లక్షల అప్పు నెత్తిమీద ఉన్న మనిషి ఈ రంగంలో నిలబడలేదు, వాయిదాల కోసం ఏదో ఒక కార్పొరేట్ ఉద్యోగంలోకి వెళ్లక తప్పదు. ఆమెను ఈ రంగం నుంచి తప్పించడమే మీ ఉద్దేశమైతే ఇంతకంటే చవకైన మార్గాలున్నాయి. ఫౌండేషన్ ఉద్యోగంలో భద్రత లేదని బాధపడుతూనే, సాఫ్ట్‌వేర్ జీతంతోనూ పదేళ్లకు తీరని అప్పును కన్సల్టెన్సీ మాట మీద నెత్తిన వేసుకోవడానికి సిద్ధపడటం నాకు అర్థం కాలేదు.

ఇక్కడి చదువుల గురించి క్లుప్తంగా చెబుతాను. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌ను 1936లో దొరాబ్జీ టాటా ట్రస్టే నెలకొల్పింది. ముంబైతో పాటు హైదరాబాద్‌లోనూ ప్రాంగణం ఉంది. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో డెవలప్‌మెంట్‌లో ఎంఏ ఉంది, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీ ఇస్తారు. గుజరాత్‌లోని ఆనంద్‌లో పాల సహకార ఉద్యమ నాయకుడు కురియన్ 1979లో మొదలుపెట్టిన గ్రామీణ నిర్వహణ విద్యా సంస్థ ఇర్మా 2025లో త్రిభువన్ సహకారి విశ్వవిద్యాలయంలో భాగమైంది. రైతు సంస్థలు, జీవనోపాధుల వైపు మనసుంటే అది మేలు. అడవుల మీద ఆసక్తి ఉంటే భోపాల్‌లోని భారతీయ అటవీ నిర్వహణ సంస్థ (ఐఐఎఫ్ఎం) ఉంది. ఎంఎస్‌డబ్ల్యూ ఎక్కడైనా ఒకటే అనుకోవద్దు. ఫీల్డ్‌వర్క్ కాగితాల మీదే ముగిసే కళాశాలలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. బ్రిటన్‌తో పోలిక అడిగారు కదా, అయిదారేళ్ల అనుభవం తరువాత పూర్తి స్కాలర్‌షిప్ దొరికితే అప్పుడు వెళ్లమనండి, నేనే సిఫారసు లేఖ రాస్తాను.

నిజానికి ఈ కోర్సులన్నిటి కంటే ముందు ఆమె చేయవలసినది వేరే ఉంది. డబ్బిచ్చే వైపు కాకుండా డబ్బు తీసుకుని పనిచేసే వైపు రెండేళ్లు గడపాలి. ఇరవై రెండేళ్లకే ఫౌండేషన్ కార్యాలయంలో కూర్చుని, ముప్పై ఏళ్లుగా ఊళ్లో పనిచేస్తున్నవారి ప్రతిపాదనలకు మార్కులు వేసే పిల్లలు అహంకారమో, అయోమయమో అలవరచుకోవడం చూస్తుంటాను. గ్రాంట్లు మాత్రమే ఇచ్చే ఫౌండేషన్లలో సిబ్బంది చాలా కొద్దిమంది, వారు కొత్తవారిని తీసుకోవడం అరుదు. అదే స్వయంగా ఊళ్లలో పనిచేసే ఫౌండేషన్లయితే కొత్తవారికి అవకాశం ఎక్కువ. స్టేట్ బ్యాంకు వారి యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ 13 నెలలు గ్రామంలోనే ఉంచుతుంది, గాంధీ ఫెలోషిప్, టీచ్ ఫర్ ఇండియా రెండేళ్ల పాటు ప్రభుత్వ వ్యవస్థలతో, బడులతో పనిచేయిస్తాయి. వీటిలో దేనికి దరఖాస్తు చేసినా, క్యాంపస్ ఉద్యోగపు చేరిక తేదీ వచ్చేలోగా ఫలితం తేలేలా చూసుకోమనండి. ఆ ఆఫర్‌ను ఇప్పుడే వదులుకోనక్కర లేదు.

రేపు ఎక్కడ ఇంటర్వ్యూకు వెళ్లినా ఆమె వారిని అడగవలసినవి కొన్ని ఉన్నాయి, మొహమాటపడవద్దని మీరే చెప్పండి. నా జీతం శాశ్వత నిధి నుంచి వస్తుందా, ఒక ప్రాజెక్టు గ్రాంటు నుంచి వస్తుందా? గ్రాంటు అయితే ఏ నెలలో ముగుస్తుంది? ట్రస్టీల్లో కుటుంబం బయటివారు ఎందరు? భవిష్యనిధి, ఆరోగ్య బీమా ఉన్నాయా? ఒంటరిగా ఊళ్లు తిరిగే మహిళా ఉద్యోగులకు బస, వాహనం ఎలా ఏర్పాటు చేస్తారు? చివరి ప్రశ్నకు స్పష్టమైన జవాబు రాకపోతే, ఆ కుటుంబం పేరు ఎంత పెద్దదైనా చేరవద్దని నా సలహా.