కమలా మొక్క కొనబోతున్న అమ్మాయికి

పొదలకూరు,
శ్రావణ మాసం.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఒంగోలులో మీరు కట్టుకున్న కొత్త ఇంటి పెరట్లో కమలా చెట్టు పెంచాలని ఉందని, ఏ మొక్క కొనాలో, ఎట్లా నాటాలో వివరంగా వ్రాయమని అడిగావు. నలభై ఏళ్ళుగా నిమ్మతోట మీద బతికినవాణ్ణి కాబట్టి నాకు ఈ సంగతులన్నీ కొట్టిన పిండి అని నీవు అనుకుంటున్నావు గాని, నిమ్మ వేరు, కమలా వేరు. నిమ్మకు మన నెల్లూరు గడ్డ పుట్టిల్లు వంటిదైతే కమలాకు అత్తవారిల్లు. నాగపూరులోను, కూర్గు కొండల్లోను, ఈశాన్యాన ఖాసీ కొండల్లోను స్థిరపడిన చెట్టు అది. అయినా ఒక్క చెట్టును కనిపెట్టుకొని చూసుకుంటే మన పెరళ్ళలో కూడా కాస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది రెండవ చెట్టు. మొదటి చెట్టు కథ ముందు చెప్తాను. మొక్క కొనేటప్పుడు నీవు చూడవలసినది చాలావరకు ఆ కథలోనే ఉంది.

ఇల్లు కట్టిన కొత్తలో, వీధిలోకి వచ్చిన మొక్కల బండివాడు నాగపూరు కమలా అని చెప్పగా ఒక మొక్క కొన్నాను. రెండవ వేసవిలో పైభాగం ఎండిపోయింది. తొలకరి పడగానే మొదలు నుంచి కొత్త చిగుళ్ళు బలంగా లేచాయి. చచ్చిన మొక్క బతికిందని సంబరపడ్డానే గాని, ఆ చిగుళ్ళు అంటుకు పైనుంచి లేచాయా, కిందినుంచి లేచాయా అని వంగి చూడలేదు. నిమ్మరైతునై ఉండి ఆ పని చేయకపోవడం నా బుద్ధితక్కువ. మూడేళ్ళకు ఎర్రగా, నారింజ రంగులో, చేతితో వలిస్తే తొక్క ఊడివచ్చే కాయలు గుత్తులుగా కాశాయి. మీ పెద్దమ్మ మొదటి కోతను దేవుడి దగ్గర పెట్టి, తలా ఒకటి పంచింది. తొనలు చక్కగా విడివడ్డాయి గాని, నోట్లో పెట్టుకుంటే దవడలు లాగేంత పులుపు. ఆ తరువాత రెండేళ్ళు మా ఇంట్లో పులిహోరకు అవే కాయలు.

అది రంగపూర్ నిమ్మ. పేరు నిమ్మే అయినా అందులో కమలా రక్తం ఉంది. అందుకే రంగూ, వలుపూ కమలావి, రసం నిమ్మది. మన ప్రాంతంలో బత్తాయి, కమలా మొక్కలను ఈ రంగపూర్ నిమ్మ వేరుమొక్క మీదనో, జంబేరి అనే మరో జాతి నిమ్మ వేరుమొక్క మీదనో కన్ను అంటు కట్టి అమ్ముతారు. అంటుకు పైనున్నది పండునిస్తుంది, కిందనున్నది నేలతో కాపురం చేస్తుంది. పైది చచ్చి కిందిది బతికితే నాకు జరిగినదే జరుగుతుంది. కాబట్టి నర్సరీలో మొక్క ఆకులను మెచ్చుకోవడానికి ముందు వంగి కాండం చూడు. వేరుమొక్క కాండమూ పై కొమ్మా కలిసిన చోట చిన్న వంకర, బొడిపె వంటి గుర్తు స్పష్టంగా కనిపించాలి. ఆ గుర్తు కవరు మట్టికి కనీసం జానెడు ఎత్తులో ఉండాలి. మట్టిలో కూరుకుపోయిన అంటును ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. గుర్తు కింద చిగుళ్ళు ఉన్నవాటిని కూడా వదిలిపెట్టు.

ఇక వేరుమొక్క ఏదని అడుగు. అడిగితే చెప్పలేని చోట కొనకపోవడం మేలు. మీ నేల నల్లరేగడి. ఇల్లు కొత్తపట్నం దారిలో ఉంది కనుక బోరు నీటిలో ఉప్పు కూడా ఉంటుందని నా అనుమానం. జంబేరి వేరు ఇసుక పాలు ఎక్కువైన గరప నేలల్లో బాగా పెరుగుతుంది గాని, నీరు నిలిచే బరువు నేలలో మొదలు కుళ్ళు దానికి త్వరగా వస్తుంది, ఉప్పునీటికీ తట్టుకోలేదు. రంగపూర్ నిమ్మ వేరు ఉప్పును కొంతవరకు పైకి పోనివ్వదు, బెట్టకూ ఓర్చుకుంటుంది. నన్ను అంత మోసం చేసిన పుల్లకాయనే నీ చెట్టు కింద ఉంచమని చెప్పవలసి రావడం విచిత్రమే గాని, దాని స్థానం అదే.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. నారింజ మొక్క కావాలంటే పచ్చడికి పనికివచ్చే పుల్లనారింజ చేతిలో పెట్టవచ్చు. ఆరంజి అంటే బత్తాయి ఇవ్వవచ్చు. కుండీలో మూరెడు మొక్కకు ఉసిరికాయలంత పళ్ళు విరగకాసి కనిపిస్తే, అది చైనా ఆరంజి పేరుతో అందానికి అమ్మే పుల్లని రకం. నీవు అడగవలసినది నాగపూరు కమలా అంటు. చలికాలంలో మార్కెట్టు నిండా కనిపించే కిన్నో 1935లో కాలిఫోర్నియాలో విడుదలైన సంకర రకం. పంజాబు వంటి గట్టి చలి ఉన్న చోట రాణిస్తుంది, గింజలు కూడా ఎక్కువ. మన ఎండకు అది వద్దని నా అభిప్రాయం. గింజ నాటి మొలిపిస్తానని అల్లుడుగారు అన్నారని వ్రాశావు. కమలా గింజ ఒక్కదాని నుంచే రెండు మూడు మొలకలు వస్తాయి, వాటిలో చాలావరకు తల్లి గుణమే ఉంటుంది కూడా. ఆయన మాట తప్పు కాదు. అయితే అంటు మొక్క మూడు నాలుగేళ్ళకు కాస్తే గింజ మొక్కకు ఏడెనిమిదేళ్ళు పడుతుంది, పైగా మీ నేలకు కావలసిన వేరు దానికి ఉండదు.

మన ఊళ్ళలో అమ్మే మొక్కలు చాలావరకు కడియం నుంచి లారీల్లో వస్తాయి. దించిన మరునాడే కొనకుండా, పది పదిహేను రోజులు ఆగి కొత్త చిగురు వేసినదాన్ని ఎంచుకో. ఏడాది వయసున్న, పెన్సిలు లావు కాండం గల మొక్క చాలు. కాయలున్న పెద్ద మొక్కకు ఆశపడవద్దు. కవరు అడుగున వేళ్ళు చుట్టలు చుట్టుకొని ఉంటే అవి నేలలో పెట్టిన తరువాత కూడా చుట్టుకుంటూనే ఉంటాయి.

చోటు విషయానికి వస్తే, రోజుకు ఆరు గంటల ఎండ, గోడకు కనీసం ఎనిమిది అడుగుల దూరం కావాలి. మిద్దె మీద తొట్టిలో పెంచవచ్చునా అన్నావు. పెద్ద డ్రమ్ములో పెంచవచ్చు గాని, రోహిణి కార్తెలో మిద్దె సెగకు తొట్టిలోని వేళ్ళు ఉడికిపోతాయి. పెరడు ఉండగా ఆ పాట్లు ఎందుకు?

నాటడంలో మాత్రం నలుగురూ చెప్పే మాట వినవద్దు. మూడడుగుల గుంట తవ్వి ఎర్రమట్టి, ఇసుక, ఎరువు నింపి నాటమంటారు. ఎర్రనేలలో అది సరైన పద్ధతే. రేగడిలో గుంట తవ్వి గుల్లమట్టి నింపితే, వాన పడినప్పుడు చుట్టూ ఉన్న జిగటమట్టి నీటిని బయటికి పోనివ్వక ఆ గుంట సిమెంటు తొట్టిలాగా నిండుతుంది, లోపల వేళ్ళు ఊపిరాడక చస్తాయి. నీవు గుంట మానుకొని దిబ్బ వెయ్యి. పైనేలను గడ్డపారతో అడుగు లోతు వదులు చేసి, దాని మీద రెండు పాళ్ళ ఎర్రమట్టి, ఒక పాలు మీ రేగడి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, ఆరడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు వచ్చేటట్లు పోసి, ఒక వాన తిని కూర్చున్న తరువాత దాని నడుమ నాటు. అంటు గుర్తు నేలకు జానెడు పైనే ఉండాలన్నది ఇక్కడ కూడా మరువవద్దు.

మనకు వానలు అశ్వయుజ, కార్తీకాల్లో తుఫానులతో దంచి కొడతాయి కనుక, ఇప్పుడే దిబ్బ వేసి ఉంచుకొని, వానలు వెలిసిన తరువాత మార్గశిరంలో మొక్క పెట్టు. ఎండలు ముదిరేలోపు దానికి మూడు నాలుగు నెలల వ్యవధి దొరుకుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా తోటలో పల్లపు చెక్కలో నాలుగు రోజులు నీరు నిలిచింది. అప్పుడు ఏ చెట్టుకూ ఏమీ కాలేదనుకున్నాను. వేసవి వచ్చేసరికి పదకొండు చెట్ల మొదళ్ళు పగిలి బంక కారింది. నీటి దెబ్బ ఆ రోజే కనపడదు, నెలల తరువాత బయటపడుతుంది.

ఆ బంక తెగులే ఈ జాతి చెట్లన్నిటికీ మృత్యువు. మొదలు తడిగా ఉండకపోవడమే దానికి మొదటి మందు. అందుచేత కాండం చుట్టూ అడుగు దూరం దాకా మట్టిని ఎగదోసి, దాని వెలుపల కంకణం వంటి పాదు చేసి, నీరు ఆ పాదులోనే పోయాలి. చెట్టు పెరిగేకొద్దీ పాదును వెలుపలికి జరుపుతూ పోవాలి. వేలితో రెండంగుళాలు గీకి చూసి, పొడిగా ఉంటేనే నీరు పెట్టు. రేగడి పైన పగుళ్ళిచ్చినా లోపల తడి దాచుకుంటుంది. మీకు కుళాయిలో వచ్చే సాగరు కాలువ నీటిని వీలైనంత వరకు చెట్టుకు వాడు. బోరు నీరే పోయవలసి వస్తే, ఆకుల కొనలు మాడుతున్నాయేమో చూస్తూ ఉండు. అది ఉప్పు గుర్తు.

ఏటా తుఫానుల కాలానికి ముందు మొదలుకు రెండడుగుల ఎత్తు వరకు బోర్డో పేస్టు పూయాలి. వంద గ్రాముల మైలుతుత్తాన్ని అరలీటరు నీటిలో, వంద గ్రాముల సున్నాన్ని మరో అరలీటరులో విడివిడిగా కరిగించి, రెండింటినీ ప్లాస్టిక్ బకెట్టులో కలుపుకోవాలి. ఇనుప పాత్ర పనికిరాదు. కలిపిన తరువాత చాకు మొనను ఒక నిమిషం అందులో ముంచి తీస్తే దాని మీద రాగి రంగు తుప్పు పట్టకూడదు. పడితే ఇంకొంచెం సున్నం కలుపు. మైలుతుత్తం విషం కాబట్టి పిల్లలకు అందకుండా పెట్టు.

ఎరువు సంగతి నీకు పెద్దగా చెప్పను. ఏడాదికి రెండుసార్లు చివికిన ఎరువూ, గుప్పెళ్ళకొద్దీ వేపపిండీ పాదులో వేస్తే చాలు. కొత్త ఆకులు చిన్నవై, ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపు తిరిగితే అది జింకు లోపం. లీటరు నీటికి అయిదు గ్రాముల జింకు సల్ఫేటు, రెండున్నర గ్రాముల సున్నం కరిగించిన తేట కలిపి చిగుళ్ళ మీద చల్లు.

ఇరుగుపొరుగు మొక్కల విషయం మాత్రం ఎవరూ చెప్పరు కనుక వివరంగా చెప్తాను. చెట్టును కరివేపాకు పక్కన పెట్టవద్దు. సిల్లా అనే చిన్న పురుగు కరివేపాకు చిగుళ్ళలో కూడా పిల్లలు పెడుతుంది. గ్రీనింగ్ అనే తెగులును చెట్టు నుంచి చెట్టుకు మోసేది అదే, ఆ తెగులు పట్టిన చెట్టుకు వైద్యం లేదు. అట్లాగే ప్రహరీ మీద తిప్పతీగ ఉంటే తీసివెయ్యి. పండబోయే కాయలకు రాత్రిపూట సన్నని బెజ్జం పెట్టి రసం పీల్చే రెక్కల పురుగు తన పిల్లలను తిప్పతీగ మీదనే పెంచుతుంది. మందుకని ఇంటింటా తిప్పతీగ పాకించినప్పటి నుంచి మా వీధిలో ఈ బెడద నా కళ్ళకే ఎక్కువైనట్లు కనిపిస్తున్నది. కాయ రంగు తిరిగే ముందు పాత నూలుగుడ్డ సంచులు కట్టడం ఒక్క చెట్టుకు సులభమైన ఉపాయం.

లేత ఆకుల మీద పిట్ట రెట్ట వంటి పురుగులు కనిపిస్తే అవి సీతాకోకచిలుక పిల్లలు, చేత్తో ఏరివెయ్యి. ఆకు లోపల పాము పాకినట్లు వెండి గీతలు కనిపిస్తే, లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీరు కలిపి చిగురు వచ్చిన ప్రతిసారీ చల్లు. నిమ్మను పీడించే గజ్జి తెగులు కమలాకు అంతగా రాదు, దాని గురించి దిగులు అక్కర్లేదు. అంటు కింద వచ్చే ప్రతి చిగురునూ లేతగా ఉన్నప్పుడే తుంచిపారెయ్యి. ఎందుకో నీకు మళ్ళీ చెప్పనక్కర్లేదు.

తోటల్లో నీరు ఆపి చెట్టును వాడబెట్టి పూత తెప్పిస్తారు. పెరటి చెట్టుకు ఆ శిక్ష వద్దు, దానంతటది పూసినప్పుడే పూయనీ. మొదటి కాపులో మాత్రం పది పిందెలు ఉంచి మిగిలినవి తీసివెయ్యి. లేత కొమ్మలు ఆ బరువు మోయలేవు. పూసిన ఎనిమిది తొమ్మిది నెలలకు కాయ తయారవుతుంది.

కాయ పండిందో లేదో రంగును బట్టి తెలుసుకోవచ్చునని అనుకోవద్దు. తొక్కలోని పచ్చదనం పోయి కాషాయం తేరాలంటే రాత్రిళ్ళు బాగా చల్లబడాలి. నాగపూరులో ఆ చలి ఉంది, మన సముద్రతీరంలో పుష్యమాసంలో కూడా లేదు. అందువల్ల మీ కమలా కడుపులో తియ్యగా పండి ఉండి కూడా పైకి ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగులోనే ఉండవచ్చు. మా ఇంట్లో ఎర్రగా పండినది పులుపు, పచ్చగా ఉన్నది తీపి. కాయ బరువుగా ఉండి, నొక్కితే తొక్క కొంచెం మెత్తగా తగలడమే గుర్తు. ఒకటి కోసి రుచి చూసి, బాగుంటే మిగిలినవి కొయ్యి. లాగితే తొడిమ దగ్గర తొక్క చిరిగి కాయ రెండు రోజుల్లో చెడుతుంది కనుక కత్తెరతో తొడిమకు ఆనించి కత్తిరించాలి.

మొక్క కొనడానికి ఇంకా నాలుగు నెలల గడువు ఉంది. ఈలోగా అల్లుడుగారు నెల్లూరు వైపు వచ్చినప్పుడు మీ బోరు నీరు ఒక శుభ్రమైన సీసాలోను, పెరటి మట్టి అడుగు లోతు నుంచి తీసి ఒక అరకిలో గుడ్డసంచిలోను ఇచ్చి పంపు. మన నిమ్మతోట మట్టితోపాటు పరీక్షకు ఇచ్చి, ఫలితం చూసి, దిబ్బకు ఎర్రమట్టి ఎంత తోలించాలో వ్రాస్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న.