పాత ప్లాస్మిడే మళ్లీ మళ్లీ వస్తోంటే

ప్రశ్న: ప్లాస్మిడ్‌లో (బ్యాక్టీరియాలో ఉండే చిన్న గుండ్రటి డీఎన్‌ఏ) ఒక్క అక్షరం మార్చాలని పీసీఆర్ (డీఎన్‌ఏకి నకళ్లు తీసే పద్ధతి) చేశాను. సీక్వెన్సింగ్‌కి (డీఎన్‌ఏ అక్షరాలు చదివే పరీక్షకి) పంపిన ఆరు బ్యాక్టీరియా కాలనీల్లోనూ మార్పు లేదు. టెన్షన్‌గా ఉంది.
– ఎమ్మెస్సీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: అమ్మాయీ, నేనూ తిరుపతిలోనే పరిశోధన చేసే రోజుల్లో సరిగ్గా ఇక్కడే మూడు వారాలు పోగొట్టుకున్నాను. ప్రైమర్లను (మార్పుని మోసే చిన్న డీఎన్‌ఏ ముక్కలను) అనుమానించాను, తప్పు టెంప్లేట్‌లో (నకలు తీసే పాత ప్లాస్మిడ్‌లో) ఉంది. పీసీఆర్ అయ్యాక వేసే డీపీఎన్-1 ఎంజైము జీఏటీసీ అనే అక్షరాల వరుస దగ్గర మిథైల్ గుర్తున్న పాత డీఎన్‌ఏనే కోస్తుంది. పీసీఆర్‌లో పుట్టిన కొత్త పోగులకు ఆ గుర్తు ఉండదు, అందుకే అవి మిగులుతాయి. నేను ప్లాస్మిడ్ పెంచిన ఈ.కోలై బ్యాక్టీరియా రకానికి ఆ గుర్తు వేసే డ్యామ్ ఎంజైమే లేదు! ఇంక పాతది తెగేదెలా?

నీ ప్లాస్మిడ్‌ని డ్యామ్ ఉన్న ఈ.కోలై రకం డీహెచ్5ఆల్ఫాలో పెంచి మళ్లీ తీయి. టెంప్లేట్ 50 నానోగ్రాములు దాటనివ్వకు. డీపీఎన్-1 వేశాక 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచు. ప్రైమర్లు కలపని ట్యూబు ఒకటి పక్కనే నడుపు. దాంట్లో కొత్త పోగులు పుట్టవు కాబట్టి, దాంట్లోంచీ కాలనీలు బోలెడు వస్తే పాతది తెగలేదన్నమాట.